గ్యాసు పట్టిస్తే నిజం కక్కుతారా?

ఉద్యోగ అనుభవాలు రాయాల్సింది రిటైరైనవాళ్లు. నాకింకా జుట్టు నెరవలేదు. కానీ పాప పుట్టాక పని మానేశాను కాబట్టి మా అత్తగారి లెక్కలో నేను రిటైరైనదాన్నే. "మా కోడలు ఆసుపత్రిలో ఊరందర్నీ పండబెట్టేది. ఇప్పుడు ఒక్క బిడ్డను పండబెట్టలేక చస్తాంది" అని పక్కింటివాళ్లకు చెప్పి నవ్వుతుంది. అందులో అబద్ధం లేదు. గండుపిల్లుల్లాంటి లారీ డ్రైవర్లు నా చేతిలోని మాస్కు కింద క్షణాల్లో కళ్లు మూసేవాళ్లు. మా పాపకు ఆ మర్యాద తెలియదు. అది పడుకున్నాకే ఇది రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వెళ్లి దాని గుండె మీద చెయ్యి వేసి చూసి వస్తున్నాను. పని మానేశాను గానీ, నిద్రపోయే మనిషి ఊపిరి తీసుకుంటోందా లేదా అని చూసే చెయ్యి మాత్రం మానలేదు.

బళ్లారిలో ఒక నర్సింగ్ హోంలో మత్తు డాక్టరుకు టెక్నీషియన్‌గా పనిచేశాను. ఇప్పుడు ఆ కోర్సులో చేరుతున్న అమ్మాయిలు ఫోన్ చేసి "అక్కా, పని ఎట్లుంటుంది?" అని అడుగుతారు. జీతం గురించీ డ్యూటీల గురించీ వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. తెలియనివి వేరే ఉన్నాయి. అవే రాస్తున్నాను.

మిషన్‌కు బొట్టు

పొద్దున్నే అందరికన్నా ముందు ఆపరేషన్ థియేటర్ తెరిచేది మనమే. సిలిండర్లో ఆక్సిజన్ ఉందా, గొట్టాల్లో ఎక్కడైనా గాలి లీకవుతోందా, మత్తు ద్రవం పాత్రలో సరిపడా ఉందా చూడాలి. ఆ ద్రవాన్ని ఆవిరిగా మార్చి, ఎంత పంపాలో అంతే పంపే పెట్టెకు వేపరైజర్ అని పేరు. దాని నెత్తిన అంకెల చక్రం ఉంటుంది. మన ఉద్యోగమంతా ఆ చక్రం చుట్టూ తిరుగుతుంది.

నేను పనిచేసింది ఇనుప ఖనిజం లారీలు తెరిపి లేకుండా తిరిగిన ఏళ్లలో. సండూరు కొండ రోజుకింత పొడి అయ్యి మా ఊరి మీదుగా రేవులకు పోయేది. పోతూ పోతూ అందరి మీదా కాస్త చల్లిపోయేది. మా తెల్ల చెప్పులు ఎరుపు, తెల్ల దుప్పట్లు ఎరుపు. మూడుసార్లు తుడిచినా దూదికి ఎరుపే అంటేది. పేషెంటు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాలంటే ముందు ఆ వేలిని సబ్బుతో కడగాలి. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, రాసుకోండి.

పుస్తకంలో లేనిది ఇంకొకటి ఉంది. ఆయుధపూజ. లారీలకు గుమ్మడికాయ కొట్టి పూజ చేసే ఊళ్లో మత్తు మిషన్‌కు పూజ లేకపోతే ఊరుకుంటారా? ఒక ఏడాది పండుగ మర్నాడు వచ్చి చూస్తే ఆయా మిషన్‌కు బంతిపూల దండ వేసి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. సరిగ్గా అంకెల చక్రం మీద, ఒక్కో అంకెకు ఒక్కో బొట్టు, ఎంతో భక్తిగా. ఏ అంకె ఏదో ఆ దేవుడికే తెలియాలి. మా మత్తు డాక్టరు గురుబసప్ప సార్ వచ్చి, కాసేపు చేతులు కట్టుకుని చూసి, "ఏనమ్మా వసంతా, ఈవత్తు దేవరే గ్యాసు కొడతాడేమి?" అన్నారు నాతో, ఈ రోజు గ్యాసిచ్చేది దేవుడేనా అని. ఆయనది కన్నడం, పేషెంట్లది తెలుగు. రెంటినీ కలిపి ఆయన మాట్లాడే భాష ఆయన సొంతం. స్పిరిట్ పెట్టి ఆ బొట్లు తుడిచేసరికి మధ్యాహ్నం అయింది. అప్పటి నుంచి పండుగకు ముందే చక్రం మీద ప్లాస్టర్ అంటించి, "బొట్టు ఈడ కాదు" అని రాసి పెట్టేదాన్ని.

తలుపుల సంగతి

మత్తు గ్యాసు ఎలా పనిచేస్తుందని కాలేజీలో అడిగితే, "రక్తంలో కలిసి మెదడుకు చేరి నిద్రపుచ్చుతుంది" అని రాశాను. మార్కులు వేశారు. గురుబసప్ప సార్ మొదటి రోజు అదే అడిగారు. నేను అదే చెప్పాను.

"మెదడుకు పోయి ఏం చేస్తాది? జోల పాడతాదేమి?" అన్నారు.

తర్వాత టీ తాగుతూ చెప్పారు. ఆ రోజు అర్థమైనంత వరకు మీకు చెప్తాను. పేషెంట్లు అడుగుతారు, తెలియదని మొహం తిప్పుకుంటే వాళ్ల భయం రెట్టింపవుతుంది.

మన మెదడులోని ఒక్కో కణానికీ నూనెలాంటి పలుచని పొర ఉంటుంది. మత్తు గ్యాసు ఆ నూనెలో కరిగి పొరను ఉబ్బించి కణాన్ని మొద్దుబార్చుతుందని పాతకాలపు శాస్త్రజ్ఞులు అనుకునేవారు. నూనెలో బాగా కరిగే గ్యాసుకే మత్తు ఎక్కువ కాబట్టి ఆ లెక్క చాలాకాలం సరిగ్గానే కనిపించింది. తర్వాత తేలిందేమంటే, అసలు సంగతి నూనెలో లేదు, ఆ పొరలో అమర్చిన తలుపుల్లో ఉంది. అవి ప్రోటీన్‌తో చేసిన సన్నటి దారులు. వాటినే అయాన్ ఛానళ్లు అంటారు. ఉప్పులోని సోడియం, పొటాషియం, క్లోరైడ్ లాంటివి విద్యుత్తు మోసుకుంటూ వాటిగుండా లోపలికీ బయటికీ తిరుగుతాయి. సోడియం బిలబిలా లోపలికి వస్తే కణం మేల్కొని పక్క కణానికి కబురు పంపుతుంది. క్లోరైడ్ లోపలికి వచ్చినా, పొటాషియం బయటికి పోయినా కణం సద్దుమణుగుతుంది.

కణాన్ని నెమ్మది పరచడానికి మెదడే గాబా అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. అది వచ్చి తాకితే క్లోరైడ్ తలుపు చిటికెడు సేపు తెరుచుకుని మూసుకుంటుంది. మన గ్యాసు ఆ తలుపు సందులో ఇరుక్కుని కూర్చుంటుంది. తలుపు ఆలస్యంగా మూసుకుంటుంది. క్లోరైడ్ ఇంకాస్త వస్తుంది, కణాన్ని లేపడం ఇంకాస్త కష్టమవుతుంది. ఎప్పుడూ ఓరగా ఉండే పొటాషియం తలుపులు కొన్ని ఉన్నాయి. వాటిని గ్యాసు బార్లా తీస్తుంది. కబురు అందుకుని కణాన్ని రెచ్చగొట్టే తలుపులు కొన్ని ఉన్నాయి. వాటిని తెరుచుకోనివ్వదు. వెన్నుపాములో కూడా ఇదే పని చేస్తుంది కాబట్టే కత్తి తగిలినా చెయ్యి కదలదు. గ్యాసు దేన్నీ విరగ్గొట్టదు. ఆపరేషన్ అయ్యాక చక్రం సున్నాకు తిప్పితే వచ్చిన దారినే ఊపిరిలో బయటికి పోతుంది. తలుపులు ఎప్పటిలాగే పనిచేస్తాయి.

"ఇన్ని తలుపుల్లో ఏది మూస్తే 'నేను' అనేది ఆరిపోతాది సార్?" అని అడిగాను.

"అది పూర్తిగా గొత్తిల్లమ్మా. గొత్తు అని ఎవరైనా చెప్తే వాళ్ల దగ్గర ఆపరేషన్ చేయించుకోవద్దు" అన్నారు సార్.

తెలియనిది తెలియదని అంత దర్జాగా చెప్పే డాక్టర్ని నేను ఆ తర్వాత చూడలేదు.

ఇదంతా పేషెంటుకు ఇలాగే చెప్తే కుదరదు. సిరుగుప్ప నుంచి వరి రైతు వస్తే కాలువ తూము చెప్పేదాన్ని. లారీలవాళ్లకైతే చెక్‌పోస్టు చాలు. "మీ మెదడులో కోట్ల చెక్‌పోస్టులు ఉన్నాయన్నా. గ్యాసు పోయి గేట్లను తారుమారు చేస్తుంది. తిరిగే బండ్లు ఆగిపోతాయి. మాకు కావలసినంత సేపు రోడ్డు ఖాళీ." ఆ రోజుల్లో బళ్లారిలో రోడ్డు ఖాళీ అంటే ఎవరికైనా ప్రాణం హాయిగా ఉండేది. వెంటనే ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టేవారు.

తిమ్మప్ప ప్రశ్న

అలా సంతకం పెట్టనివాడు ఒక్క తిమ్మప్ప.

సిరుగుప్ప వైపు మాగాణి రైతు. ఖనిజం ఊపు మీద ఉన్నప్పుడు టిప్పర్లు కొని సండూరు కొండకు తిప్పుతున్నాడు. పెద్ద మనిషి, పెద్ద మీసం. మెడ మాత్రం లేదు. తలను తెచ్చి నేరుగా భుజాల మీద పెట్టినట్టుండేది. పిత్తాశయంలో రాళ్లు. రెండుసార్లు తేదీ ఇచ్చినా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి జ్వరంతో, పచ్చబడిన కళ్లతో వచ్చాడు. ఇంక ఆగితే లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందని సర్జన్ తేల్చి చెప్పేశారు.

"కొయ్యండి సార్, నేనేం వద్దంటినా? నడుముకు సూది వేసి కొయ్యండి. గ్యాసు మాత్రం వద్దు" అన్నాడు తిమ్మప్ప.

"నీ ఆపరేషన్‌కు గ్యాసే కావాలప్పా. ఎందుకు భయం?"

"భయం కాదు సార్. గ్యాసు పడితే మనిషి లోపల ఉండే నిజమంతా కక్కేస్తాడంట గదా."

ఈ నమ్మకం మీకు పది మందిలో ఎనిమిది మంది దగ్గర కనిపిస్తుంది. నవ్వకండి. సార్ నవ్వలేదు. నేను చెక్‌పోస్టు కథ మొదలుపెట్టాను. తిమ్మప్ప శ్రద్ధగా విన్నాడు. నా సర్వీసులో ఆ కథను అంత శ్రద్ధగా విన్నవాడు లేడు.

"గేట్లు మూస్తారు. సరే పాపా. అన్నీ ఒక్కసారే మూస్తారా, ఒకటెనకాల ఒకటా?"

నేను సార్ వైపు చూశాను.

"ఒకటి వెనకాల ఒకటి" అన్నారు సార్.

"మొదట ఏది మూతపడేది? నోరా, చెవా?"

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి కాబట్టి ఉన్నమాట చెప్పారు. మెదడులో కొన్ని కణాల పని తక్కినవాటికి 'వద్దు' అని చెప్పడం. గ్యాసు ఇంకా కొంచెమే ఎక్కినప్పుడు ఒక్కోసారి ఆ 'వద్దు' చెప్పేవే ముందు మెత్తబడతాయి. వాటి అదుపు తప్పేసరికి తక్కిన కణాలు కాసేపు అల్లరి చేస్తాయి. మనిషి కాళ్లు చేతులు ఆడిస్తాడు, ఏదో వదరుతాడు. ఇంకొంచెం ఎక్కితే అంతా సద్దుమణుగుతుంది.

"చూస్తివా! కాపలా నాకొడుకే ముందు పండుకుంటాడు!" అని తిమ్మప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఇంగేముండాది సార్, ఇల్లు దోచుకునేదే గదా!"

"దోచుకునేకి లోపల నిజాలు మూట కట్టి ఉండవప్పా. నోటికి ఏది అలవాటైతే అది వస్తాది. మొన్న ఒక లారీ క్లీనరు మాస్కు పెడితే ఏమన్నాడు? వసంతా, చెప్పమ్మా."

"రానీ, రానీ, రానీ... లెఫ్టు కొట్టు... ఆప్!" అన్నాను. అక్షరాలా అదే అన్నాడు ఆ కుర్రాడు. 'ఆప్' అనగానే నిద్రపోయాడు కూడా.

తిమ్మప్ప నవ్వలేదు. "వాని నోటికి అదే అలవాటు. నా నోటికి అలవాటైంది వేరే ఉండాది" అన్నాడు. తలుపు వైపు చూశాడు. "ఆ తలుపు కొంచెం వేయి పాపా."

వేశాను.

"కంప్లిలో నాటకం నేర్చుకుంటాండా సార్" అన్నాడు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "రాజు వేషం. ప్రతి గురువారం. ఇంట్లో తెల్దు."

మా బళ్లారి వైపు పద్యనాటకం పిచ్చి ఎంతటిదో బయటివాళ్లకు చెప్పడం కష్టం. హార్మోనియం పెట్టె పక్కన ఒక్క పద్యం రాగం తీయడానికి మడి అమ్ముకున్నవాళ్లున్నారు. అమ్ముకున్నవాళ్లలో తిమ్మప్ప నాన్న ఒకడు. కిరీటాలకూ, నాటకం మేస్త్రీలకూ, మద్రాసు నుంచి తెప్పించిన తెరలకూ నది ఒడ్డున ఉన్న మాగాణి సగం పోయింది. అందుకని తిమ్మప్ప తల్లి చనిపోతూ కోడలు సుంకమ్మ చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. తన కొడుకును స్టేజీ ఎక్కనివ్వకూడదని. సుంకమ్మ ఆ మాట మీద ఇన్నేళ్లుగా కాపలా ఉంది.

"ఉగాదికి నాటకం. అది అయినంక నేనే చెప్తా. అది ఏం చేసినా సరే, పడతా. ముందే తెలిసిందా, కిరీటం నా నెత్తికి ఎక్కదు సార్. మా నాయన కట్టిన వేషం అది. ఒక్కసారి... ఒక్కసారే కట్టాల నేను." మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "గ్యాసు ఎక్కేటప్పుడు నా నోరు మొదలుపెడితే గట్టిగా మూసెయ్యండి. అట్లయితేనే సంతకం."

"మాస్కు ఉంటాది కదప్పా మూతికి" అన్నారు సార్, ఏ హామీ ఇవ్వకుండా. తిమ్మప్ప దాన్నే హామీగా తీసుకుని సంతకం పెట్టాడు.

ఇక్కడ ఒక మాట. నేను విన్న రహస్యాల్లో ముప్పాతిక ఇలా ఆపరేషన్‌కు ముందు, పూర్తి తెలివిలో ఉన్నవాళ్లు చెప్పినవే. మనుషుల చేత నిజం చెప్పించేది గ్యాసు కాదు, గ్యాసు భయం. ఆ విన్నది మన దగ్గరే ఉండిపోవాలి. ఉద్యోగంలో కష్టమైనది అదొక్కటే. తక్కినదంతా గొట్టాలూ సిలిండర్లూ.

సుంకమ్మ కోరిక

ఎంత కష్టమో ఆ సాయంత్రమే తెలిసింది. సుంకమ్మ నన్ను నీళ్ల ఫిల్టర్ దగ్గర పట్టుకుంది. సన్నటి మనిషి, చేతిలో టిఫిన్ క్యారియర్.

"పాపా, నీకు పుణ్యముంటాది. మా ఆయప్పకు గ్యాసు పట్టినంక ఒక్క మాట అడుగు. కంప్లిలో ఉండేది ఎవురు అని."

గ్లాసులోని నీళ్లు నా చీర మీద పడ్డాయి.

"అట్లా అడగరమ్మా."

"ఎందుకడగరు? ప్రతి గురువారం పోతాడు. కంప్లిలో మాకు చుట్టాలు లేరు, బండ్లు లేవు. వచ్చేటప్పుడు పౌడరు వాసన. ఒకనాడు చెవి వెనకాల ఎర్రగా రంగు. నేనేం గుడ్డిదాన్నా? ఇంటికొచ్చి మిరియాల కషాయం తాగుతాడు, కలకండ చప్పరిస్తాడు. తనలో తనే రాగాలు తీస్తాడు! ఈ వయసులో! ఇంగ ఆ ముండ ఎట్లాంటిదో చూడు, మొగుణ్ణి పాటలు పాడేవాణ్ణి చేసి పెట్టింది!"

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అప్పుడు నేను మూడో నెల కడుపుతో ఉన్నాను. భయం అన్నిటికీ తేలిగ్గా వచ్చేది. పాత థియేటర్లలో మిగులు గ్యాసు బయటికి పోయే ఏర్పాటు ఉండదు. కడుపుతో ఉన్నామని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పి ఆ ఏర్పాటు అడగండి, సిగ్గుపడి దాచుకోకండి. నేను చెప్పాను కాబట్టి సార్ ఆ వారమే మిషన్‌కు గొట్టం బిగించి కిటికీ బయటికి వేయించారు.

"ఆయన ఏం చెప్పినా అది నిజం కాదమ్మా. గ్యాసులో మాటలకు అర్థం ఉండదు" అన్నాను.

"అర్థం నేను చూసుకుంటా. నువ్వు విని చెప్పు, చాలు." దగ్గరికి జరిగింది. కళ్లలో నీళ్లు. "నాకు నిద్ర లేదు పాపా. నీకూ మొగుడుండాడు గదా."

కంప్లిలో ఉన్నది ఆడమనిషి కాదు, ఒక కిరీటం, ఒక హార్మోనియం పెట్టె అని ఒక్క మాట చెప్తే ఆమె ఆ రాత్రి హాయిగా పడుకునేది. చెప్పకూడదు. "ఆపరేషన్ బాగా అవుతుంది, అది మాత్రం నేను చెప్పగలను" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపులో, నేను కూడా ఆ కంప్లి ఆడమనిషి పక్షమేనన్న అనుమానం స్పష్టంగా ఉంది.

బల్ల మీద

సాధారణంగా పెద్దవాళ్లకు నరంలో మందిచ్చి నిద్రపుచ్చి, ఆ తర్వాతే గ్యాసు ఇస్తారు. వదరడానికి వ్యవధే ఉండదు. కానీ తిమ్మప్పకు మెడ లేదని చెప్పాను కదా. అలాంటివాళ్లకు గొంతులోకి గొట్టం దిగడం ఒక్కోసారి కష్టమవుతుంది. అందుకని సార్ ఆయన తనంతట తను ఊపిరి పీలుస్తుండగానే, గ్యాసుతోనే మెల్లగా పడుకోబెట్టాలని నిర్ణయించారు. మంచి నిర్ణయం. నిండుగా పీలిస్తే అది కూడా త్వరగానే అయిపోతుంది.

"బాగా పీల్చప్పా, పెద్దగా" అన్నారు సార్. నేను మాస్కు పట్టుకున్నాను.

తిమ్మప్ప పీల్చలేదు.

మిషన్‌కు తగిలించిన గాలి సంచి కదలడం లేదు. లీకేమో అని గొట్టాలు తడిమాను. లీకు లేదు. తిమ్మప్ప కళ్లు తెరిచి కప్పు వైపు చూస్తూ, యుద్ధానికి వెళ్తున్నవాడిలా ఊపిరి బిగపట్టి ఉన్నాడు. అప్పుడు అర్థమైంది. తక్కువ గ్యాసు పీలిస్తే కాపలావాడు పడుకోడని ఆయన సొంతంగా లెక్క వేసుకున్నాడు. మామూలు మనిషి ఎంతసేపు బిగపడతాడు? కానీ ఈయన నెలల తరబడి కంప్లిలో ఒక్క గుక్కలో పద్యం చివరి రాగం లాగడం సాధన చేసినవాడు. ఆ ఛాతీ ఇంతా అంతా కాదు.

"పీల్చప్పా!"

ఒక చిన్న గుక్క పీల్చి మళ్లీ బిగించాడు. మళ్లీ చిన్న గుక్క, మళ్లీ బిగింపు.

ఇంతకన్నా పొరపాటు ఉపాయం ఇంకొకటి లేదు. నిండుగా పీల్చి ఉంటే ఆ అల్లరి దశను ఒక్క అంగలో దాటేసేవాడు. గుటకలు వేసుకుంటూ పీల్చేసరికి సరిగ్గా అందులోనే ఇరుక్కుపోయాడు. 'వద్దు' చెప్పే కణాలు పడుకున్నాయి. తక్కినవన్నీ లేచి కూర్చున్నాయి.

ముందు కుడిచెయ్యి లేచింది, గద ఎత్తినట్టు. తర్వాత ఎడమచెయ్యి మీసం మీదికి వెళ్లబోయి మాస్కుకు తగిలింది. తల ఒక విసురు విసిరాడు, మాస్కు జారింది. అప్పుడు మొదలైంది.

"ఆ... ఆ ఆ ఆ... ఆఆఆ..."

మాటలు ముద్దముద్దగా ఉన్నాయి గానీ రాగం మాత్రం రాగమే. థియేటర్‌లో ట్రేలు మోగాయి. సర్జన్ చేతులు కడుక్కుంటూ లోపలికి తొంగి చూసి, "ఎవరయ్యా టేప్‌రికార్డర్ పెట్టింది?" అన్నారు.

నోరు మూయమని ఆయన ముందే వేడుకున్నాడు. కానీ ఆ దశలో నోరు అదమడం, గొంతును కదిలించడం, గట్టిగా పట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. గొంతు బిగుసుకుపోతుంది, ఊపిరి ఆగిపోతుంది. చేయవలసిందల్లా మాస్కు మెత్తగా ఆనించి, ఎవరూ మాట్లాడకుండా నిలబడటం. సార్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. మేమంతా కదలకుండా, మెదలకుండా, టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లలా నిలబడి ఆ పద్యం విన్నాం.

ఒక మేలు జరిగింది. రాగం తీసినవాడు ఊపిరి తీసుకోక తప్పదు కదా. పద్యం చివర ఛాతీ నిండా ఒక్క గుక్క పీల్చాడు. అంతా గ్యాసే. చెయ్యి మెల్లగా దిగింది. గాలి సంచి తీరుగా ఆడటం మొదలైంది. గొట్టం ఒక్క ప్రయత్నంలో దిగింది. పిత్తాశయం వచ్చేసింది. సర్జన్ తర్వాత అన్నారు, ఇంకో రోజు ఆగి ఉంటే పగిలేదని.

కారిడార్లో

తలుపు తీసి బయటికి వచ్చేసరికి కారిడార్ అంతా నిలబడి ఉంది. వార్డులోంచి సెలైన్ స్టాండు పట్టుకుని ఒక ముసలాయన కూడా వచ్చాడు, రెండో పద్యం ఉంటుందేమోనని. సుంకమ్మ ఒక్కతే బెంచీ మీద కూర్చుని ఉంది.

"ఆపరేషన్ బాగా అయిందమ్మా" అన్నాను.

"నాటకమా?" అంది.

నేను మూతికి కట్టుకున్న గుడ్డ విప్పుతూ నిలబడ్డాను.

"కంప్లిలో... నాటకమా?" తల పట్టుకుంది. "ఆడమనిషైతే జుట్టు పట్టుకొని ఈడ్చుకొస్తును గదా పాపా! నాటకాన్ని యాడ పట్టుకునేది? మా అత్తకు ఏమని చెప్పేది నేను?" అని ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే ఒకసారి నవ్వింది. అది చూసుకుని మళ్లీ ఏడ్చింది. సెలైన్ ముసలాయన "గొంతు మాత్రం తండ్రిదేనమ్మా" అన్నాడు ఓదార్పుగా. ఆమె చూసిన చూపుకు స్టాండు తోసుకుంటూ వార్డులోకి వెళ్లిపోయాడు.

తిమ్మప్పకు మర్నాడు పూర్తి తెలివి వచ్చింది. గొట్టం వేసిన గొంతు కాబట్టి మాట గరగరలాడుతోంది. సార్ రౌండ్స్‌కు రాగానే అడిగాడు. "నేనేమన్నా మాట్లాడినానా సార్?"

"మాట్లాడలేదప్పా. పాడినావు."

తిమ్మప్ప కళ్లు మూసుకున్నాడు. "సుంకమ్మ?"

"అందరూ విన్నారు" అన్నారు సార్. ఆయన అంతకన్నా మెత్తగా చెప్పలేరు. నేను అయితే రెండు రోజులు దాచేదాన్నేమో. కానీ ఆయన పద్ధతే మంచిదని ఇప్పుడు అనిపిస్తుంది. బయట పొంచి ఉన్నదేమిటో పేషెంటుకు మనమే చెప్పాలి. లేకపోతే రెండోసారి మన చేతిలో ముక్కు పెట్టడు.

అంతలో సుంకమ్మ గంజి ఫ్లాస్కుతో వచ్చింది. గ్లాసులో గంజి పోసింది, ఉప్పు కలిపింది, చల్లార్చింది. తిమ్మప్ప ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేక గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. క్యాలెండర్లో ఉగాది ఇంకా దూరంగానే ఉంది.

గ్లాసు ఆయన నోటి దగ్గర పెడుతూ ఆమె అంది.

"రెండో పాదంకాడ శృతి తప్పినావు."

తిమ్మప్ప గంజి పొలమారింది.

"మీ నాయన యాడా తప్పేటోడు కాదు. నేను కొత్త కోడలుగా వచ్చినప్పుడు విన్యా."

"గ్యాసు... గ్యాసు పట్టిండాది గదే" అన్నాడు గరగరగా, కుట్లు పట్టుకుని.

సుంకమ్మ పైటకొంగుతో ఆయన మూతి తుడిచింది.

"ఉగాదినాడు జనానికి ఈ సాకే చెప్తావా? గొంతు బాగయ్యేదాకా నోరు మూసుకో. ఇంగ గురువారం నేనూ వస్తా. ఆ హార్మోనియం పెట్టేటోడు ఎవుడో చూడాల. శృతి ఎక్కువ పెట్టి చంపుతాండాడు నిన్ను."